గోడ మీది నీటిగీత

సున్నం ఇంకా ఆరలేదు. వేలు పెట్టి చూస్తే వేలికి అంటుతోంది, కొంగుకు తుడిస్తే కొంగుకు అంటుతోంది, అయినా చెయ్యి ఊరుకోక మళ్ళీ పోయి గోడనే తాకుతోంది. గడియారం పదీ పది చూపిస్తోంది. అది ఐదు నిమిషాలు ముందు నడుస్తుందని అత్త అంటుంది, ఐదు నిమిషాలు వెనక అని మా ఆయన అంటాడు, అయితే సరిగ్గానే ఉన్నట్టని నేను తీర్పు చెప్పాను, పెళ్ళయిన రెండో వారంలో, ఇద్దరూ నవ్వారు, ఈ ఇంట్లో నా మాటకు ఇద్దరూ కలిసి నవ్వడం అదే మొదలు. పదకొండుకు బీమా కంపెనీ ఆఫీసరు వస్తాడు. అనంతపురం నుంచి ప్యాసింజరులో వచ్చి ధర్మవరం స్టేషనులో దిగుతాడు, మా ఆయన జట్కా మాట్లాడి ఎక్కించుకుని వస్తాడు, తను మాత్రం పక్కనే సైకిలు తొక్కుతూ వస్తాడేమో, తెల్లచొక్కా వేసుకుపోయాడు, పెళ్ళినాటి చొక్కా, కాలరు దగ్గర పసుపు మరక ఇంకా ఉంది, ఉతికేటప్పుడు అక్కడ నేను గట్టిగా రుద్దలేదు. పెళ్ళయి డెబ్బై మూడు రోజులు. ఎవరూ అడగకపోయినా నేను లెక్క తప్పను.

ఇంత నిశ్శబ్దం నాకు అలవాటు లేదు. మా వీధిలో అరవై నాలుగు మగ్గాలు, ఈ రోజు ఒక్కటీ ఆడటం లేదు, ఆఫీసరు దగ్గరికి వచ్చి చూడాలంటే మగ్గాలు నిలిపి ఉంచాలని వీధి పెద్ద ఎర్రప్ప మామ నిన్ననే ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. నేను కాపురానికి వచ్చిన మొదటి పొద్దు నిద్ర లేచింది మగ్గం చప్పుడుకే. అన్నీ ఒకటే చప్పుడు అనుకున్నాను అప్పుడు. ఇప్పుడైతే వంటింట్లో చారు పోపు వేస్తూ కూడా ఆయన మగ్గం ఏదో చెప్పగలను, రెండు దెబ్బలు వేసి మూడోదానికి ముందు చిన్న ఆలస్యం, ఆ ఆలస్యంలో తల తిప్పి వంటింటి వైపు చూస్తాడని నాకు తెలిసిపోయింది. మాది గుంత మగ్గం. నేలలో నడుము లోతు గుంత తవ్వుతారు, నేసే మనిషి గుంత అంచున నేల మీదే కూర్చుని కాళ్ళు లోపలికి వేసి తొక్కుడు చెక్కలు తొక్కుతాడు, పట్టు పడుగు, చీర నిలువు దారాలు, నేలకు జానెడు ఎత్తులో ముందుకు సాగి ఉంటుంది. కాలేజీలో చదివేటప్పుడు నా చీరలన్నీ ఎవరో నేలలో కూర్చుని నేసినవేనని నాకెప్పుడూ తోచలేదు. ఇప్పుడు ఏ చీర చూసినా దాని కింద రెండు పాదాలు కనబడతాయి.

నేను కుందుర్పి పిల్లను. మా నాయన అక్కడ హెడ్మాస్టరు, వాన చినుకు పడితే బడి వదిలేసి పిల్లలను తడవమనేవాడు, ఏడాదికి ఎన్నిసార్లు పడుతుందని, పాఠం రేపు చెప్పుకోవచ్చు అనేవాడు. వాన రాకపోతే కప్పలకు పెళ్ళి చేసి ఊరేగించేవాళ్ళం. పోయిన నెల ఇక్కడ ఒక సాయంత్రం మబ్బు పట్టింది, నేను వీధిలోకి పరిగెత్తి మొహం పైకెత్తి నిలబడ్డాను, వెనక్కి తిరిగి చూస్తే అత్త గడపలో నిలబడి ఉంది, మొహంలో నెత్తురు లేదు. "మబ్బును చూసి నవ్వేది సేద్యగాళ్ళు మే. మనం గాదు" అంది. ఆ రాత్రికి ఆయన చెప్పాడు. నిరుడు ఆశ్వయుజంలో మద్రాసు దగ్గర తుపాను దాటిందని రేడియోలో చెప్పారట, మనకేమిలే అనుకున్నారట, మబ్బులు వచ్చి మూడు రోజులు మన మీదే కూర్చున్నాయట, నాలుగో తెల్లవారుజామున చెరువు నిండి అలుగు దగ్గర, ఇక్కడ మరువ అంటారు, పొర్లి నీళ్ళు వీధిలోకి వచ్చాయట. నీళ్ళకు గుంత అంటే ఇష్టం కదా, నేరుగా మగ్గాల్లోకే దిగాయి. పిల్లలనూ మేకలనూ బియ్యాన్నీ మిద్దెల పైకి చేర్చుకున్నారు, మగ్గాన్ని ఎవరు ఎత్తగలరు, మూడు రోజులు అవి నీళ్ళలోనే ఉన్నాయి. చెక్క ఉబ్బి చీలింది, ఇనుము తుప్పు పట్టింది, పట్టు సంగతి చెప్పనక్కర లేదు. మగ్గం మళ్ళీ కట్టుకోలేక వీధిలో రెండు ఇళ్ళు తాళాలు వేసి బెంగుళూరు మిల్లులకు వెళ్ళిపోయాయి. ఇంకోసారి వస్తే ఎన్ని తాళాలు పడతాయో అని చెప్పి ఆయన అటు తిరిగి పడుకున్నాడు. కరువు సీమలో నీళ్ళంటే భయపడే వీధి ఒకటి ఉందని, ఆ వీధికే నేను కోడలినయ్యానని నాకప్పుడు తెలిసింది.

పదీ ఇరవై. కూర్చుంటే కాళ్ళు ఊరుకోవడం లేదు. మగ్గాలకు బీమా అడిగితే కంపెనీవాళ్ళు రాసిన జవాబులు మూడు నా దగ్గరే ఉన్నాయి, ఇంగ్లీషులో వస్తే వీధంతా మా గడప ముందు చేరుతుంది, నేను చదివి తెలుగులో చెప్తాను, బి.ఏ. చదివినందుకు ఇంతకంటే సంతోషం ఏ పరీక్షా ఇవ్వలేదు నాకు. మొదటి జవాబు, మట్టిమిద్దెలోని మగ్గానికి అగ్గిబీమా మాత్రం ఇస్తాం, ఏడాదికి ఇంత కట్టాలని. ఆ ఇంత అంటే రెండు చీరల కూలి. "రెండు చీరలు వాళ్ళకే నేసిస్తే మనం ఏం కట్టుకోవల్ల, అరిటాకులా" అన్నాడు ఎర్రప్ప మామ. రెండో జవాబు, నీళ్ళ ముంపుకు బీమా ఇవ్వనవసరం లేదు, ఎందుకంటే మీది కరువు జిల్లా. అది చదివితే ఎవరూ నవ్వలేదు. అప్పుడు నేనే అన్నాను, అరవై నాలుగు మగ్గాలకూ కలిపి ఒకే బీమా అడుగుదాం, నీళ్ళు కూడా చేర్చి, తలా అర చీర కూలికి మించకుండా, ఊరికే అడగడం కాదు, వచ్చి చూడండి అని అడుగుదాం. అర్జీ రాయడానికి రెండు పగళ్ళు పట్టింది. అందరి పేర్లూ రాయాలి, మొదటి పేరు ఆయనది, నోటితో పలకకూడని పేరును కలంతో ఎంత సేపైనా రాయొచ్చు కదా, ఓబుళేసు అని గుండ్రంగా రాసి, బాగా రాలేదని కాగితం మార్చి మళ్ళీ రాశాను, నిజానికి మొదటిదే బాగుంది. ఇరవై ఆరు సంతకాలు, మిగిలినవి వేలిముద్రలు, అద్దకం వాళ్ళ వేలిముద్రలు మాత్రం ఒకటి నీలం, ఒకటి ఎరుపు, సిరా అవసరమే రాలేదు. దానికి మూడో జవాబు వచ్చింది, మా ఆఫీసరు ఫలానా తేదీన వచ్చి చూస్తాడని.

అర్జీ నకలు మడతలు విప్పి మళ్ళీ చదువుకుంటున్నాను, ఆఫీసరు ఏమైనా అడిగితే తడబడకూడదని. మహారాజశ్రీ, అంతవరకు బాగుంది. మా వీధి చెరువు మరువకు దిగువన, బాగుంది. ఆ తర్వాతది నాకు చాలా ఇష్టమైన వాక్యం, ఆయనకు మూడుసార్లు చదివి వినిపించాను. "మా ఇండ్ల గోడల మీద నీటి గీత నేటికిని స్పష్టముగా కనబడుచున్నది, అదియే మా సాక్షి, తమరు స్వయముగా వచ్చి చూడగలరు."

తల ఎత్తాను. గోడ తెల్లగా ఉంది. పాలలాగా, ముగ్గుపిండిలాగా, ఎక్కడా ఒక మరక లేకుండా తెల్లగా ఉంది.

ఒక క్షణం నాకు ఏమీ అర్థం కాలేదు, గోడ ఎంత బాగుందో అని కూడా అనిపించింది, అదీ పాడు మనసు. ఆ తర్వాత చూశాను, గీత లేదు. సున్నం నా ఆలోచనే. ఆఫీసరు వస్తాడు, ఇండ్లు ఇలాగా పెట్టుకునేది అని మొన్న నేనే అన్నాను, అత్త వెంటనే సరే అంది, ఇంటికి పెద్దమనిషి వస్తే సున్నం కొట్టడం ఈ సీమలో ఎవరూ ఎవరికీ నేర్పరు, అది చేతికే తెలుసు. మాది చూసి పక్కింటి మేరాజ్ బీ, ఆమెను చూసి ఎదురిల్లు, మధ్యాహ్నానికి వీధి వీధంతా కుండల్లో సున్నం ఉడుకుతోంది. ఎంత సంబరంగా ఉండింది. నేను సున్నంలో చిటికెడు నీలిమందు వేస్తే ఆడవాళ్ళందరూ వచ్చి అడిగి పట్టుకుపోయారు. ఆయన నిచ్చెన పట్టుకున్నాడు, నేను పైన నిలబడి కుంచెతో ఆయన ముక్కు మీద ఒక చుక్క పెట్టాను, ఆయన చూసీ తుడుచుకోలేదు. ముక్కు మీద ఆ చుక్కతోనే కింద గోడకు కూడా కొట్టాం, ఎర్రటి బురద గీత రెండు పూతలకూ పోలేదు, పాడు గీత అని నేనే తిట్టి ఈ పొద్దున మూడో పూత కొట్టించాను. మూడో పూత. అరవై నాలుగు ఇళ్ళలో సాక్షిని మేమే చెరిపేసుకున్నాం, దానికి నీలిమందు కూడా కలిపాం.

"అత్తా" అని పిలిచాను. అత్త వంటింట్లోంచి వచ్చింది, ఆమె పేరు నాగలక్ష్మమ్మ, వీధిలో అందరికంటే పొడుగు, గుమ్మంలో తల వంచే అలవాటు. చెప్పాను. ఆమె గోడను చూసింది, నన్ను చూసింది. "అయితే ఇల్లు మురికిగా పెట్టుకోని ఆయప్పను పిల్చల్లనా" అంది. ఆ తర్వాత మెల్లగా మెట్టు మీద కూర్చుంది. పక్కింటి గోడ మీంచి మేరాజ్ బీ విననే విన్నది, ఆమె వినకపోతే కదా వింత. ఆమె భర్త జమాల్ సాబ్ మా వీధి పట్టుకంతా రంగులు అద్దుతాడు. తలుపు తోసుకుని వచ్చింది. "దీనికింత ఏడుపేల? ఎర్రమన్ను కలుపు, గుడ్డ ముంచు, ఒక గీత గీయి. లేని గీతనా మనం గీసేది? ఉండిందే గదా."

ఉండిందే. అదే నన్ను పట్టుకుంది. ఉన్నదాన్ని మళ్ళీ గీస్తే అబద్ధం ఎలా అవుతుంది? గిన్నెలో ఎర్రమన్ను కలిపాను, గుడ్డ ముంచాను, గోడ దగ్గరికి పోయాను, చెయ్యి ఎత్తాను, చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఎంత ఎత్తు? డెబ్బై మూడు రోజులు ఈ గదిలో తిరిగాను, ఆ గీత ఎంత ఎత్తులో ఉండేదో నాకు గుర్తు లేదు. గోడను నేనెప్పుడు చూశాను, గోడ ముందు కూర్చున్న మనిషిని చూశాను. ఆయన మగ్గంలో కూర్చుంటే గీత చెవి వెనక ఉండేదా, భుజం వెనకా? చెవి వెనక పుట్టుమచ్చ గుర్తుంది, మెడ మీద చెమట గుర్తుంది, గీతను పొద్దున తిట్టింది గుర్తుంది, దాని ఎత్తు గుర్తు లేదు.

"మా ఇంట్లో తొడదాకా" అంది మేరాజ్ బీ.

"నీ తొడ యాడ, నా మోకాలు యాడ" అంది అత్త. "నాకు మోకాలిదాకానే వచ్చింది."

"అదే చెప్తాండా. నీ మోకాలే నా తొడ."

"అయితే ఇంకా కిందికి గీయి మే."

"కిందికి గీస్తే ఆయప్ప నమ్మడు అక్కా. పైకే ఉండనీ. నడుముదాకా వచ్చిందని చెప్తే పోదా?"

ఇద్దరూ నవ్వారు, నాకూ నవ్వొచ్చింది. గుడ్డ నుంచి ఎర్రచుక్కలు నేల మీద పడుతున్నాయి. మా నాయన హెడ్మాస్టరు, సొంత కూతురికి ముప్పై నాలుగు మార్కులు వస్తే ముప్పై నాలుగే వేసి పరీక్ష తప్పించినవాడు, ఆ ఏడాది నేను నాయనతో నెల రోజులు మాట్లాడలేదు. పైగా ఆరు నెలల కిందటి గీత తడిగా ఉంటుందా, ఆఫీసరు వేలు పెట్టి చూస్తే, నేను పొద్దుటి నుంచి పెట్టినట్టు, వేలికి అంటుతుంది. ఒక్క దొంగగీత దొరికిందంటే అర్జీలో ప్రతి మాటా దొంగదే అవుతుంది, ఆ నీలం వేలిముద్రా ఎర్ర వేలిముద్రా అన్నీ. గుడ్డ గిన్నెలో పడేశాను. పదీ నలభై. రైలు వచ్చే ఉంటుంది. ఆయన ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంటాడు, దిగే ప్రతి పాంటువాణ్ణీ చూస్తుంటాడు, పాపం, ఇక్కడ గోడలు ఇలా ఉన్నాయని ఆయనకూ తట్టలేదు, నా మాటలకు నవ్వుతూ నిచ్చెన పట్టుకున్నాడు.

ఇంట్లో ఇంకేముంది? నీళ్ళు ముట్టుకుని పోయిందేదైనా ఉందా? ఉబ్బిన చెక్కలు పొయ్యిలోకి పోయాయి, తుప్పు ఇనుము కొత్తదైంది, గుంత గోడలకు ప్రతి వారం పేడమట్టి మెత్తుతారు. తిరుగుతున్నాను, గూట్లో చూస్తున్నాను, అటక మీద చూస్తున్నాను, ఎందుకో ఏమో చూస్తున్నాను, చేతులు మాత్రం ఎప్పుడో పోయి నా ట్రంకుపెట్టె తాళం తీశాయి. నా చేతులకు నాకంటే ముందు తెలుసు. మీద గుడ్డ తీస్తే పసుపుపచ్చ చీర. మాగిన మామిడిపండు రంగు, ముదురు ఎర్ర అంచు. నా పెళ్ళిచీర.

కాపురానికి వచ్చిన మూడో రోజు ఆయన నా ముందు గోడకు ఆనుకుని కూర్చుని, చెప్పలేక చెప్పలేక చెప్పాడు. నీళ్ళు వచ్చిన రోజు మగ్గం మీద ఈ చీర ఉండింది. నీళ్ళలో నానినంత మేర అంచు ఎరుపు పసుపులోకి పాకింది. పడుగు కోసి పారేయడానికి చెయ్యి రాక, మగ్గం మళ్ళీ కట్టుకున్నాక, ఆ పడుగు మీదే నేసి పూర్తి చేశాడు. నేయించిన షావుకారు మచ్చ చీర తీసుకోనన్నాడు. అంతలో పెళ్ళి కుదిరింది, కొత్త చీర నేసే దారి లేదు, మచ్చ కుచ్చిళ్ళ లోపలికి పోతుందిలే అని తల్లీ కొడుకూ అనుకున్నారు. "నీకు చెప్పకుండా ఉండలేకపోయినా" అన్నాడు. నా మొహం వైపు చూడలేదు. నేను ఏడుస్తానని అనుకున్నాడేమో. నేను చీర తెచ్చి దీపం ముందు పరిచి చూశాను, ఎరుపు పసుపులోకి నెమ్మదిగా పాకిన చోటు, పసుపు మీద కుంకుమ తడిసినట్టు, చీర మొత్తంలో అదే అందంగా ఉంది. అట్లని అన్నాను. ఆయన నమ్మలేదు, ఆ తర్వాత నమ్మాడు. ఎవరికీ చెప్పొద్దు అన్నాడు, నీకు తెలిసినట్టు అమ్మకు అస్సలు తెలియనీయొద్దు, కొత్త కోడలికి మచ్చ చీర పెట్టినామని ఆమె లోపల్లోపల కుమిలిపోతాంది అన్నాడు. మా నాయనకు తెలిస్తే ఏమంటాడు, మా ఊళ్ళో ఏమంటారు, వీధిలో ఆడవాళ్ళు ఏమంటారు. ఆ రహస్యం మా ఇద్దరిదీ, డెబ్బై రోజులుగా పెట్టె అడుగున పెట్టుకుని మురిసిపోతున్నాను.

వెనక నుంచి నీడ పడింది. అత్త. నా ఒళ్ళో చీర, మచ్చ ఉన్న మడత పైకి. దాచడానికి సమయం లేదు, దాచాలనీ అనిపించలేదు.

"నీకు తెల్సా?" అంది.

"మూడో దినమే తెల్సు అత్తా."

"తెల్సి గూడా ఉగాదికి కట్టుకుంటివే" అంది అత్త.

"తెల్సినందుకే కట్టుకుంటిని."

ఆమె మొహం అటు తిప్పుకుంది. చెయ్యి మాత్రం ఇటు చాపింది, చీర రెండో కొస పట్టుకుంది. ఇద్దరం లేచి మగ్గం దగ్గరికి పోయాం, ఉన్న పడుగు మీద పరిచాం, గుడ్డ చుట్టుకునే కర్ర దగ్గర మచ్చ మొదలు పెట్టి అటు లాగాం. మచ్చ ముందుకు పోయింది, పోయింది, పడుగు కట్టిన ఎదురు గుంజ దగ్గర ఆగింది. సరిగ్గా. సాగి ఉన్న పడుగు ఎంతో మచ్చ అంత, వేలెడు ఎక్కువ లేదు, వేలెడు తక్కువ లేదు. పడుగు నేలకు జానెడు ఎత్తు. నేల వీధికి మూడు మెట్ల ఎత్తు. పడుగంతా మునిగితేనే ఇంత మచ్చ, నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో చీర చెప్తోంది, నేను గీయనవసరం లేదు. వీధి చివర జట్కా గంటలు వినబడ్డాయి.

ఆఫీసరు తల వంచి లోపలికి వచ్చాడు, యాభై ఏళ్ళుంటాయి, చెమటకు కళ్ళజోడు జారుతోంది. వెనక ఎర్రప్ప మామ, గుమ్మంలో సగం వీధి, వాళ్ళ వెనక ఆయన. ఆఫీసరు తెల్లటి గోడను చూశాడు, చేతిలో మా అర్జీ చూశాడు, మళ్ళీ గోడను. "గీత అని రాశారే, ఏదమ్మా?" అన్నాడు. మా ఆయనకు అప్పుడు తెలిసింది, పాపం, అప్పుడే తెలిసింది.

"సున్నం కొట్టేసినాం సార్. మీరొస్తాండారని" అన్నాను. గుమ్మంలో ఎవరో నాలుక కరుచుకున్నారు. "ఇది చూడండి" అన్నాను, మగ్గం చూపించాను. మా ఆయన చీరను గుర్తుపట్టాడు, తల్లి వైపు చూశాడు, తల్లి చీర కొసను వదల్లేదు. ఆఫీసరు గుంత అంచున గొంతుక్కూర్చుని సంచిలోంచి టేపు తీశాడు. మచ్చను కొలిచాడు, ఎత్తు కొలిచాడు, మెట్లు కొలిచాడు. "నీళ్ళు చిందినా ఇట్లాంటి మరక పడుతుంది కదా" అన్నాడు.

"సార్" అంది మేరాజ్ బీ, గుంపును తోసుకుని. "ఆ ఎరుపు మా ఇంటాయన అద్దిందే. చిందితే పోయే రంగు గాదు మేం అద్దేది. మూడు దినాలు నీళ్ళలో నానల్ల, అప్పుడు గాని అది కదల్దు. కావల్లంటే ఈ అంచు మీద బిందెడు పోసి చూడండి."

ఆఫీసరు చాలాసేపు రాసుకున్నాడు. "నా వరకు నేను నమ్మాను. కానీ మద్రాసులో ఉన్నవాళ్ళకు ఇది కరువు జిల్లా. నా కాగితం ఒక్కటే పోతే వాళ్ళు నవ్వుతారు" అన్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఈ చీర పంపాలమ్మా. ఎన్నాళ్ళకు తిరిగి వస్తుందో చెప్పలేను. వస్తుందో రాదో కూడా."

ఎవరూ నన్ను చూడలేదు. మా ఆయన మాత్రం చూశాడు, వద్దులే అన్నట్టు కనుబొమలు కదిలాయి. తాళం పడిన రెండు ఇళ్ళు గుర్తొచ్చాయి. నా చేతులు మడత పెట్టడం మొదలుపెట్టాయి, మచ్చ పైకి వచ్చేలా, అత్త అటు నుంచి సాయం పట్టింది.

"రసీదు రాసివ్వండి సార్" అన్నాను.

ఆఫీసరు కాగితం తీసి రాశాడు, చదివి వినిపించాడు. పాడైన పట్టుచీర, ఒకటి.

"పాడైన కొట్టేయండి సార్" అన్నాను. "పెళ్ళిచీర అని రాయండి."

కొట్టేశాడు. రాశాడు. ఎవరి పేరున అని అడిగాడు, మా ఆయన నోరు తెరిచేలోగా నా పేరు చెప్పాను.